ఆరబెట్టిన వీడియో

మా నల్లచెలిమ మిర్చి యార్డులో ఒక అబద్ధపు వీడియో వల్ల మూడు గంటలు పోయాయి. అలాంటి మూడు గంటలు మళ్ళీ పోకుండా చేసిన ఏర్పాటు వల్ల ఏమేం పోయాయో లెక్క చెబుతాను. నేను ఇరవై ఆరేళ్ళుగా ఆ యార్డులో కమీషన్ వ్యాపారిని. పేరు గంగిశెట్టి నాగభూషణం. రైతు తెచ్చిన కాయను నా షాపు ముందు దింపించి, కొనేవాడికి చూపించి, ధర కుదిర్చి, కాటా వేయించి పంపడం నా పని. కథ చెప్పడం నాకు రాదు. ఎంత వచ్చింది, ఎంత తరుగు, ఎంత మిగిలింది అని చెప్పడమే వచ్చు.

యార్డుకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. వ్యాపారులు, రైతులు, హమాలీలు, ఆఫీసు సిబ్బంది కలిపి వెయ్యిన్నూట నలభై మంది. ఒక రోజు ఊరికే కూర్చుని లెక్కపెట్టాను. పొద్దున నుంచి సాయంత్రం దాకా మూడువందల పన్నెండు వచ్చాయి. అందులో పూలతో శుభోదయాలు నూటతొంభై, షుగరు తగ్గించే ఆకులు నలభై ఒకటి, దేవుళ్ళు ముప్పై ఎనిమిది, ఎవరో ఎక్కడో జారిపడే వీడియోలు ఇరవై, ఎప్పుడో జరిగిపోయిన వార్తలు పదహారు. మిర్చి గురించి వచ్చినవి ఏడు. ఇంత తాలు ఉన్న సరుకును ఏ కొనుగోలుదారూ ముట్టుకోడు. అయినా గ్రూపు వదిలి ఎవరూ పోలేదు. ఆ ఏడింటి కోసం మిగతా మూడువందల అయిదూ భరించేవాళ్ళం.

ఫిబ్రవరి చివర్లో ఒక వీడియో వచ్చింది. కోడిగుడ్డంత వడగళ్ళు రోడ్డు మీద పడి ఎగురుతున్నాయి. కింద 'పది నిమిషాల్లో మన యార్డుకు' అని ఉంది. యార్డంతా లేచింది. మిర్చి బస్తాను మేం టిక్కీ అంటాం. ముప్పై వేల టిక్కీల మీద హమాలీలు పరుగులు పెట్టి టార్పాలిన్ పట్టాలు కప్పారు. టెండరు ఆగింది, కాటాలు ఆగాయి. ఆకాశం మాత్రం తోమిన ఇత్తడి పళ్ళెంలా మెరుస్తూనే ఉంది. మూడు గంటల తర్వాత ఎవరో తీరిగ్గా చూస్తే ఆ వీడియోలో మనుషులు బొచ్చు టోపీలు పెట్టుకుని ఉన్నారు. దాన్ని గ్రూపులో పెట్టింది నా పక్క షాపతను. అతనికి ఎవరు పంపారన్నది విచారణలో తేలలేదు. తేలకపోవడంలో నా వంతు సాయం నేనూ చేశాను.

మా యార్డు కమిటీ కార్యదర్శి తారకేశ్వరరావు గారు చెడ్డ మనిషి కాదు. ఆయన మాట్లాడితే కాగితం చదువుతున్నట్టు ఉంటుంది, అంతే. ఫోన్లో వచ్చేవాటిని ఏ సెక్షను కింద అదుపు చేయాలో తెలపమని ఆయన పైకి రాశారు. పైనుంచి ఒక్క వాక్యం వచ్చింది. 'అమలులో ఉన్న నిబంధనలనే అన్వయించుకొని తగు చర్య గైకొనవలెను.' ఆయన బీరువాలో అమలులో ఉన్న నిబంధనలు ఒకే ఒక్క పుస్తకంలో ఉన్నాయి. అది మిర్చి క్రయవిక్రయాల పుస్తకం.

వారం తిరగకుండా సర్క్యులరు గోడకెక్కింది. 'ఇందుమూలముగా యావన్మంది లైసెన్సుదారులకు, రైతు సోదరులకు, హమాలీలకు తెలియజేయునది ఏమనగా, యార్డు గ్రూపునందు ప్రవేశించు ఫొటో, వీడియో, ఆడియో మున్నగు సమస్త సమాచారము ఇకపై సరుకుగా పరిగణింపబడును. సరుకునకు వర్తించు ప్రవేశము, తూకము, శాంపిలు, గ్రేడింగు, విడుదల నిబంధనలన్నియు దీనికిని వర్తించును.' తొమ్మిదో క్లాజు ఇంకా గట్టిది. 'విడుదల కాని సమాచారమును యార్డు ఆవరణలో నోటితో గాని, సైగతో గాని, చూపుతో గాని పంచుకొనుట గేటు ఎగవేతగా భావింపబడి, లైసెన్సు రద్దు చేయబడును.'

చూపుతో పంచుకున్నవాణ్ణి ఎలా పట్టుకుంటారని ఒక వ్యాపారి అడిగాడు. చూచువారిని చూచుటకు అదనపు సిబ్బందిని కోరియున్నామని కార్యదర్శి గారు సెలవిచ్చారు.

రెండో నంబరు గేటు దగ్గర కౌంటరు తెరిచారు. గ్రూపులో ఏదైనా పెట్టదలచినవాడు ఫోను తీసుకుని అక్కడికి రావాలి. సరుకు పేరు, పండిన ఊరు, తెచ్చిన వాహనం రాసి మూడు రంగుల చీటీ ఇస్తారు. తామరపువ్వు ఫొటోకు పండిన ఊరు ఏమిటో తెలియక నేను మొదటి రోజు అరగంట నిలబడ్డాను. చివరికి మా అత్తగారి ఊరు రాయించాను. ఫొటో పంపింది ఆవిడే గనక అది అబద్ధం కాదు.

తర్వాత కాటా. కాటా గుమస్తా ఫోనును కాటా మీద పెట్టాడు. రెండువందల గ్రాములు. వీడియో తీసేసి మళ్ళీ పెట్టాడు. రెండువందల గ్రాములే. తరుగు లేని సరుకును తన సర్వీసులో చూడలేదని రాసి ఫైలు పంపాడు. వీడియో బరువు ఎంబీల్లో ఉంటుందని ఎవరో చెప్పాక, ఒక ఎంబీ ఒక కిలోకు సమానమని కమిటీ తీర్మానం చేసింది. టిక్కీ నలభై అయిదు కిలోలు దాటకూడదని పుస్తకంలో ఉంది. కాబట్టి నలభై అయిదు ఎంబీలు దాటిన వీడియోను కోసి రెండో టిక్కీ కట్టాలి. మూడో వరుస షాపాయన కూతురి పెళ్ళి వీడియో నూటపది ఎంబీలు. మూడు టిక్కీలయింది. పెళ్ళికొడుకు సోమవారం పీటల మీద కూర్చున్నాడు, తాళి కట్టేసరికి బుధవారం సాయంత్రమైంది.

ఇంతలో హమాలీల మేస్త్రి షేక్ బాజీ తన మనుషులను తీసుకుని ఆఫీసుకు వెళ్ళాడు. యార్డులో సరుకు ఎత్తేది, దించేది హమాలీలే అని అదే పుస్తకంలో ఉంది. మరి వీడియోను వ్యాపారి తన వేలితో పంపితే హమాలీ కడుపు కొట్టినట్టు కాదా అన్నాడు. రెండు గంటలు సమావేశం జరిగింది. పంపడం ఎత్తడం కిందికీ, చూడడం దించడం కిందికీ వస్తుందని తేల్చారు. ఎత్తడం హమాలీలకు ఇచ్చారు. దించడం ఎవరికి వారు చేసుకోవచ్చన్నారు.

ముప్పై ఏళ్ళు టిక్కీలు పట్టిన వేలిని ఫోను వేలుగా గుర్తించలేదు. బాజీ నాలుగు వేళ్ళూ మార్చి చూశాడు. చివరికి ముక్కుతో నొక్కాడు. అది పనిచేసింది. అప్పటినుంచి మా యార్డులో ప్రతి ఫొటో ఒక హమాలీ ముక్కు మీదుగా బయటికి వెళ్ళేది. ఆ ముక్కులకు కాయ ఘాటు పట్టి ఉండేది గనక ఫోను తిరిగి తీసుకున్నవాడు తప్పకుండా తుమ్మేవాడు.

"టిక్కీ మోస్తే నడుం నొప్పి శెట్టిగారూ" అని బాజీ ఒకసారి నా దగ్గర వాపోయాడు. "ఈ పూలు మోస్తుంటే నొప్పి ఏడుందో తెలవట్లా. మందు ఏడ రాసుకోవాలి?"

అన్నిటికంటే కష్టం గ్రేడింగు. పరిశీలకుడు చెన్నకేశవులు నిజాయితీపరుడు, అదే చిక్కు. మిర్చి శాంపిలు టిక్కీ కడుపులోంచి తీస్తారు, పైనుంచి తీయరు. అందుకని ఆయన ప్రతి వీడియోలో నట్టనడుమ పది సెకన్లే చూసేవాడు. మొదలూ చివరా చూస్తే పక్షపాతం వస్తుందనేవాడు. జోకులు ఈ పద్ధతిలో బాగా దెబ్బతిన్నాయి. మొదటి రకం, మధ్య రకం, తాలు అని ముద్ర వేసేవాడు. ఫారంలో తేమ శాతం అని ఇంకో గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలితే ఆడిట్లో అడుగుతారు. పన్నెండు శాతం దాటిన సరుకును రెండు రోజులు ఆరబెట్టి మళ్ళీ తేవాలని నిబంధన. చెన్నకేశవులు రెండు రాత్రులు ఆలోచించి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నది కనిపిస్తే ఇరవై శాతం. తల్లి మీద పాటకు పద్దెనిమిది. కొడుకు తల్లిని వృద్ధాశ్రమంలో వదిలే వీడియో ముప్పై దాటేది.

ఆరబెట్టడమంటే ఆ ఫైలును ఆఫీసు ఫోన్లో రెండు రోజులు ఎవరూ ముట్టకుండా ఉంచడం. చెన్నకేశవులు ఊరికే ఉంచలేదు. మనస్సాక్షి ఉన్నవాడు గనక ఆ ఫోనును కిటికీలో ఎండ తగిలేచోట పెట్టేవాడు.

ఒకటి ఒప్పుకోవాలి. గ్రూపు శుభ్రపడింది. రోజుకు మూడువందల పన్నెండు వచ్చే చోట నాలుగో అయిదో వచ్చేవి. మిర్చి గురించి మాత్రం ఒకటీ వచ్చేది కాదు. ధర చెప్పే ఫొటో గేటు దాటేసరికి ఆ ధర మారిపోయేది. పాత ధరను విడుదల చేయడం తప్పుడు సమాచారం గనక దాన్ని తాలు కింద కొట్టేసేవారు.

నేను వ్యాపారిని. ఉన్న నిబంధనలో దారి చూసుకోవడం నా వృత్తి. ఏది దాటుతుందో నెల రోజుల్లో పట్టేశాను. నలభై ఎంబీల లోపు ఉండాలి, నీళ్ళు ఉండకూడదు, ఏడుపు ఉండకూడదు, నట్టనడుమ పది సెకన్లు మర్యాదగా ఉండాలి. మొదటి రకం ముద్ర పడిన ప్రతి సరుకుకు లైసెన్సు రెన్యువల్లో ఒక మార్కు ఇస్తామన్నారు. ఇరవై మార్కులు కావాలి. నేను ఇరవై మూడు సంపాదించాను. ఎడారిలో సూర్యోదయాలు నా దగ్గర ఉన్నన్ని ఈ జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేవు. తోటి వ్యాపారులు తమ ఫొటోలు కూడా నా చేతే గేటు దాటించుకునేవారు. నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

అప్పుడు నాగేంద్రమ్మ కాయ తెచ్చింది.

నాగేంద్రమ్మ పదకొండేళ్ళుగా నా షాపుకే వచ్చే రైతు. భర్త లేడు. కౌలుకు తీసుకున్న ఎకరన్నరలో తనే నాటి, తనే కోసి, తనే తొడిమలు చూసి తెస్తుంది. ఈసారి నలభై రెండు టిక్కీలు. ఏడాది మొత్తం ఆ నలభై రెండింటిలో ఉంది. ఇంటి దగ్గర గింజ మిగల్లేదని తనే చెప్పింది. శనివారం దింపింది. షెడ్లన్నీ నిండిపోయి ఉండడంతో నా అరుగు పక్కన బయటే వేయించాను. పాతరోజుల్లో అయితే కాయ ఫొటో గ్రూపులో పెడితే గంటలో నలుగురు కొనుగోలుదారులు వచ్చి నిలబడేవారు.

ఇప్పుడు ఆ ఫొటో తీసుకుని గేటుకు వెళ్ళింది. వెంట నేనూ వెళ్ళాను. చెన్నకేశవులు ఫొటోను అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"అన్యపదార్థం ఉందమ్మా ఇందులో."

"నా బొటనవేలయ్యా అది. కాయ ఎంత పొడుగుందో తెలవాలని పక్కన పెట్టా."

"వేలు మిర్చి కాదు గదమ్మా. ఏరుకుని తీసుకురా."

ఆదివారం సెలవు. సోమవారం వేలు లేకుండా తీసుకొచ్చింది. ఈసారి నీడ పడిందని మధ్య రకం వేశారు. మధ్య రకం విడుదల మంగళవారం సాయంత్రం. బుధవారం పొద్దున ఒక కొనుగోలుదారు వచ్చి కాయ విరిచి చూసి, వాసన చూసి, ధర ఒప్పుకున్నాడు. కాటా వంతు సాయంత్రం నాలుగింటికి పడింది. అప్పటిదాకా కాయ ఆమెదే, తడిసినా ఎండినా.

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు నా ఫోను మోగింది. కోనంపేటలో ఉండే మా బావమరిది వీడియో పంపాడు. కోనంపేట మాకు పడమట ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. వాళ్ళ డాబా, వాళ్ళ నీళ్ళ ట్యాంకు, వాళ్ళ కుక్క. ఏ బొచ్చు టోపీలూ లేవు. వాన రోడ్డు మీద తెరలు తెరలుగా పడుతోంది. 'గాలి మీ వైపే బావా, పట్టాలు చూసుకో' అన్నాడు. గాలి వేగం, దూరం లెక్క వేశాను. గంట. ఇంకా తక్కువే కావచ్చు. మా యార్డు మీద మాత్రం ఎండ కాస్తోంది.

నేను పద్ధతిగల మనిషిని గనక గేటుకు వెళ్ళాను. చీటీ రాశారు. కాటాలో అరవై ఒక్క ఎంబీలు తూగింది. రెండు టిక్కీలు చేశారు, నలభై అయిదు, పదహారు. మొదటి దాంట్లో మేఘం, రెండో దాంట్లో వాన. చెన్నకేశవులు రెండోది తెరిచి నట్టనడుమ పది సెకన్లు చూశాడు. ఇంకో పది సెకన్లు చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నూటికి నూరు శాతం. నా సర్వీసులో ఇంత తేమ చూళ్ళేదు శెట్టిగారూ."

ఎన్నాళ్ళు ఆరాలని అడిగాను. నిబంధన రెండు రోజులే చెబుతోంది గానీ దీనికి చాలకపోవచ్చని, మీ మొహం చూసి శుక్రవారానికి చూస్తానని అన్నాడు. ఫోను కిటికీలో పెట్టాడు. అక్కడ ఎండ బాగా తగులుతోంది.

కార్యదర్శి గారి గదికి వెళ్ళాను. ఆయన నా మాట పూర్తిగా విన్నారు. వినడంలో ఆయనకు లోపం లేదు.

"భూషణంగారూ, మీరు నివేదించుచున్నది వర్షమా, వర్షమునకు సంబంధించిన దృశ్యమా?"

"దృశ్యమేనండి. కానీ వర్షం వెనకాలే వస్తోంది."

"దృశ్యమైనచో నిబంధన వర్తించును. వర్షమే అయినచో అది మన పరిధిలోనికి రాదు. వచ్చిన పిమ్మట పరిశీలించెదము."

"పోనీ మైకులో ఒక్క మాట చెప్పిద్దామండీ."

"తొమ్మిదవ క్లాజు చదివియున్నారు గదా. శుక్రవారము మీ లైసెన్సు కాగితము నా బల్ల మీదికి రానున్నది. ఇరవై మూడు మార్కులు. ఒక్క మరక లేదు." ఆయన ఆప్యాయంగానే చెప్పారు. అందుకే ఎక్కువ భయం వేసింది.

షాపుకు తిరిగి వచ్చేసరికి రెండు నలభై. నా సొంతానికి కొని పెట్టుకున్న కాయ రెండువందల పది టిక్కీలు బయట ఉంది. దానికి అయిదు పట్టాలు చాలు. నా దగ్గర ఆరున్నాయి. నా సరుకును నేను కప్పుకోవడం ఏ క్లాజు కిందికీ రాదు. కానీ ఇంత ఎండలో ఎదుటివాడి సరుకు మీద పట్టా కప్పితే అది మాట కంటే గట్టిగా చెప్పినట్టే. సైగ అంటే అదే. ఒక పక్క లైసెన్సు, ఇంకో పక్క నలభై రెండు టిక్కీలు పెట్టి తూచాను. కాటా ఎటు మొగ్గిందో వేరే చెప్పనక్కర్లేదు.

బాజీ మనుషులు నా కాయ కప్పారు. నాగేంద్రమ్మ తన టిక్కీల మీద కూర్చుని సద్ది విప్పుకుంటోంది.

"ఏంది శెట్టిగారూ, ఇంత ఎండలో కప్పుతున్నారు?"

"ఎండకు రంగు పోతోందమ్మా" అన్నాను.

ఆమె ఆకాశం వైపు చూసి, తన కాయ మంచి రంగు మీదుంది, గంటలో కాటా ఎక్కుతుందిలే అంది. బాజీ పడమటికి చూసి నా దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఆకాశం కింద పనిచేసిన మనిషికి వీడియో అక్కర్లేదు.

"ఆమెకో మాట చెప్దామా?" అన్నాడు మెల్లగా.

"గేటు దాటనీ బాజీ."

అతనికీ హమాలీ కార్డు ఉంది, దానికీ తొమ్మిదో క్లాజు ఉంది. ఆరో పట్టా ఎక్కడ వేయమంటారని అడిగాడు. నా కాయ మీదే రెండో పొర వేయమన్నాను.

మూడు గంటల ఎనిమిది నిమిషాలకు వాన వచ్చింది. ఇరవై రెండు నిమిషాలు కురిసింది. నాగేంద్రమ్మ తన పైట, తన గోనె, సద్ది కట్టుకొచ్చిన గుడ్డ, అన్నీ టిక్కీల మీద పరిచి, వాటి మీద తను పడుకుంది. నలభై రెండు టిక్కీల మీద ఒక మనిషి ఎంత కప్పగలదో లెక్క వేస్తే రెండు టిక్కీలు. మిగతా నలభై తడిశాయి. కొనుగోలుదారు నాలుగింటికి వచ్చి చేయి పెట్టి చూసి వెళ్ళిపోయాడు.

అయినా అంతటితో పోలేదు. మిర్చి గట్టిది. తడిసిన వెంటనే పరిచి ఆరబోస్తే రంగు కాస్త తగ్గినా కాయ నిలుస్తుంది. నాగేంద్రమ్మ ఆ సాయంత్రమే టిక్కీల కుట్లు విప్పి, యార్డు సిమెంటు మీద పరిచింది. గురువారమంతా చేత్తో తిప్పుతూ కూర్చుంది. ఎండ కాసింది. శుక్రవారం మధ్యాహ్నానికి పిడికెడు తీసి చెవి దగ్గర ఆడిస్తే గలగలమనే దాకా వచ్చింది. ఇంకొక్క పూట చాలు అంది నాతో. నేను ఆ కొనుగోలుదారుతో మళ్ళీ మాట్లాడాను. నాలుగోవంతు తగ్గించి తీసుకుంటానన్నాడు. బాకీ తీరినట్టు నాకు కొంచెం ఊపిరాడింది.

పన్నెండున్నరకు యార్డులో వెయ్యిన్నూట నలభై ఫోన్లు ఒకేసారి మోగాయి. మా బావమరిది వీడియో ఆరిపోయి వచ్చింది. మొదటి రకం, తేమ నిల్. కింద కార్యదర్శి గారి వాక్యం. 'భారీ వర్షము నల్లచెలిమ దిశగా వచ్చుచున్నది. పదకొండవ క్లాజు ప్రకారము మొదటి రకము సమాచారముపై తక్షణము చర్య గైకొననివారు శిక్షార్హులు.' ఆ పదకొండో క్లాజును అప్పటిదాకా ఎవరమూ చదవలేదు.

ఆ రోజే జిల్లా నుంచి పై అధికారి వస్తున్నారు. సమాచార క్రమశిక్షణలో మా యార్డును ఆదర్శంగా ప్రకటించబోతున్నారు. సిబ్బంది వరుసలు వరుసలుగా తిరిగి పట్టాలు కప్పించారు. నాగేంద్రమ్మ తన కాయ మీదికి ఎవర్నీ రానివ్వలేదు.

"ఎండ ఇట్టా మండుతుంటే వానేందయ్యా? ఆరే కాయని ఉడకబెడతారా?"

"మొదటి రకం ముద్ర ఉందమ్మా. నీకు ఎండ కనపడుతుంది, ముద్ర కనపడదా?"

ఆమె నా వైపు తిరిగింది. "శెట్టిగారూ, మీరు చెప్పండి."

నా లైసెన్సు కాగితం ఆ గంటలో కార్యదర్శి గారి బల్ల మీద ఉంది. నేను లోపలికి వెళ్ళి ఆరో పట్టా తెచ్చి ఆమె చేతికి ఇచ్చాను. "కప్పమ్మా. ఆర్డరు" అన్నాను. ఆమె కప్పింది. నేను చెప్పాను గనక కప్పింది.

సభ బాగా జరిగింది. ఒక్క వీడియోకు యార్డంతా తొమ్మిది నిమిషాల్లో కప్పబడిందని పై అధికారి గడియారం చూసి ప్రకటించారు. ఫిబ్రవరిలో అదే పని అబద్ధానికి జరిగిందనీ, ఇప్పుడు పరిశీలించబడిన సమాచారానికి జరిగిందనీ, ప్రగతి అంటే ఇదేననీ అన్నారు. లబ్ధిదారు ఒకరు మాట్లాడాలన్నారు. అందుబాటులో ఉన్న రైతు నాగేంద్రమ్మే. ఆమెను వేదిక ఎక్కించారు.

"సమాచారం నీకు అందిందా తల్లీ?"

"అందిందయ్యా. బాగా ఆరి వచ్చింది. నా కాయలే పచ్చిగా ఉన్నయి. ఆటిని గూడా ఆ ఆఫీసు కిటికీలో పెట్టిస్తే బాగుండు."

పై అధికారి ముందు చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. రైతులు కిటికీ సౌకర్యం కోరుచున్నారని కార్యదర్శి గారు మినిట్స్‌లో రాసుకున్నారు. నా లైసెన్సు అయిదేళ్ళకు రెన్యువల్ అయింది.

సాయంత్రం దాకా వాన రాలేదు. పట్టాలు తీయవచ్చా అని అడగడానికి నాగేంద్రమ్మ ఆఫీసుకు వెళ్ళింది. పట్టాలు తీయవచ్చుననుట కూడా సమాచారమే గనక అది గేటు ద్వారా రావలసి ఉంటుందని చెప్పారు. గేటు దగ్గరికి వెళ్ళింది. అయిదయింది, కౌంటరు మూశారు. శనివారం రెండో శనివారం. ఆదివారం ఆదివారం. చాటుగా ఒక కొస ఎత్తితే వాచ్‌మన్ వచ్చి రాసుకుంటున్నాడు. ఆ రెండు రోజులూ మా ఊళ్ళో మాడు పగిలే ఎండ. ఆమె పట్టా అంచున గోనె మీద కూర్చుంది, లోపలినుంచి వచ్చే ఆవిరి వాసన చూస్తూ. నేను రెండుసార్లు వెళ్ళి పలకరించాను. టీ పంపాను. నా చేతిలో ఉన్నది అదేనని అనుకున్నాను.

సోమవారం పదకొండు గంటలకు 'పట్టాలు తొలగించవచ్చును' అన్నది మధ్య రకంగా విడుదలైంది. బాజీ వచ్చి ఒక అంచు పట్టుకున్నాడు, ఆమె ఒక అంచు. కాయ మీద తెల్లగా బూజు పరుచుకుని ఉంది. ఎర్ర రంగు ఎక్కడా కనపడలేదు. చెన్నకేశవులు వచ్చి పిడికెడు తీసి చూసి, తాలు ముద్ర కూడా వేయలేనన్నాడు. ఈసారి అతను తేమ గడి నింపలేదు.

బాజీ, అతని మనుషులు ఆ కాయను ఎత్తి ట్రాక్టరులో పోశారు. ఎత్తుడు కూలి చీటీ రాయమని నేను అడగలేదు, వాళ్ళూ అడగలేదు. నాగేంద్రమ్మ నా పట్టాను నేల మీద పరిచి, బూజు పోయేలా చీపురుతో రెండు వైపులా ఊడ్చింది. నాలుగు మడతలు వేసి రెండు చేతులతో తెచ్చి నా అరుగు మీద పెట్టింది.

"బుధవారం ఇది ఎక్కడుంది శెట్టిగారూ?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. ధర అడిగినట్టే అడిగింది.

నా కాయ మీద రెండో పొరగా ఉందన్న మాట నోటిదాకా వచ్చింది. అది ఇంకా గేటు దాటని సమాచారం గనక చెప్పలేదు.